మనోళ్ళు గట్టెంత జరిపినారు

ఆటలంటే నాకు మొదటినుంచీ చిరాకు. చెడుగుడు దగ్గర్నుంచి క్రికెట్టు దాకా అన్నీ పనీపాటా లేని మగవాళ్ళు కనిపెట్టినవేనని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే. అలాంటిదాన్ని ఒక ఏడాది పాటు అమెరికాలో ఏదో ఊరి ఫుట్‌బాల్ జట్టు గెలవాలని కుప్పం గంగమ్మకు దండాలు పెట్టుకున్నాను. పెట్టించింది మా నాయన.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి ఏళ్ళవి. మదనపల్లె ఊరి చివర ఒక చిన్న మిషన్ కంటి ఆసుపత్రి ఉండేది. నేను అందులో టైపిస్టును. మా పల్లె పుంగనూరు పోయే దారిలో, బస్సు దిగి గట్ల మీద నడిచిపోవాలి. నాయనకు టమోటా, చెనిక్కాయల సేద్యం. అమ్మకు పట్టుపురుగులు. నాయన కుడికన్ను చిన్నప్పుడే తుమ్మముల్లు గుచ్చుకుని పోయింది. మిగిలిన ఎడమకన్నుకు పొర కమ్ముతూ వచ్చింది. తాను కట్టిన గట్టు మీద తానే కర్రతో తడుముకుంటూ నడుస్తుంటే చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఆసుపత్రిలో డాక్టరు ఒక్కరే, అమెరికా ఆయన. ఆయన చెయ్యి పడితే కన్నొచ్చినట్టేనని చుట్టుపక్కల పేరు. తెలుగు ఎవరో పంతులు దగ్గర పుస్తకాలు ముందు పెట్టుకుని నేర్చుకున్నాడట, అందుకని అచ్చు పుస్తకంలాగే మాట్లాడేవాడు. నాయన కంట్లోకి లైటు వేసి చూసి, "ఈ పొర ఇంకను ముదరలేదు. శ్రావణమాసము వరకు వేచియుండుము" అన్నాడు.

వేచి ఉండడానికి మాకేం బాధ లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఆయన గడువు ఎండాకాలంతో అయిపోతుంది. జూన్‌లో అమెరికాకు తిరుగుప్రయాణం. ఆయన బదులు ఎవరో కుర్ర డాక్టరు వస్తాడు.

"కుర్రోడైతే ఏం నాయనా, వాడూ సదివినోడే గదా" అన్నాను.

"రెండు కండ్లుంటే ఒగటి వాని సేతిలో పెట్టి సూద్దును. ఉండేది ఒగటే గదమ్మా" అన్నాడు నాయన.

ఇక ఫుట్‌బాల్ సంగతి. డాక్టరుకు దేవుడి తర్వాత దేవుడంటే ఆయన పుట్టిన ఊరి జట్టు. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు అది. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది. అందుకు జీతాలు కూడా ఇస్తారు. వాళ్ళ ఊరి పేపర్లు ఓడలో వచ్చేవి, కాబట్టి సెప్టెంబర్లో ఆడిన ఆట మాకు డిసెంబర్లో చేరేది. ఆయన ఆ పేపర్లను తేదీల వరసలో పేర్చి, వారానికి ఒక్క ఆట చొప్పున, సోమవారం సాయంత్రం ఓపీ అయిపోయాక వరండాలో కూర్చుని చదివేవాడు. ముందు వారం పేపరు తిప్పి చూడడం నిషిద్ధం. ఫలితం ముందే చెప్పేస్తే జన్మలో మాట్లాడనని అక్కడి చుట్టాలందరికీ ఒట్టు పెట్టి వచ్చాడట. అక్కడ ఆట ఎప్పుడో అయిపోయి, ఆడినవాళ్ళు దెబ్బలకు కట్లు కట్టించుకుని ఇళ్ళకు పోయినా, మా వరండాలో మాత్రం ఇంకా జరుగుతూనే ఉండేది.

మొదటి సోమవారం నాయన కంట్లో చుక్కలు వేయించుకుని, బస్సు టైము కాక వరండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరు వాళ్ళ జట్టు రంగుల ఊలు టోపీ పెట్టుకుని పేపరు విప్పాడు. ఏళ్ళ తరబడి ఓడిపోతూ వస్తున్న జట్టట. ఆ వారం గెలిచింది. ఆయన లేచి, పక్కనున్నది ఎవరని కూడా చూడకుండా నాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మనము జయించితిమి!"

నాయన నా వైపు మొహం తిప్పి, "ఏమైందంట? కోర్టు కేసా?" అన్నాడు.

రెండో సోమవారం నాయన రాలేదు. జట్టు ఓడింది. మూడో సోమవారం వచ్చాడు. గెలిచింది. అంతే! అంత పెద్ద చదువు చదివిన డాక్టరు, ఆ గెలుపు మా నాయన బెంచీ మీద కూర్చోవడం వల్లే వచ్చిందని తేల్చేశాడు. ఆ మరుసటి వారం నుంచి మా ఇంటికి ఆసుపత్రి జీపు. బెంచీలో అదే ఎడమ మూల, నోట్లో అవే ఆకూవక్కా. నాయన వక్క మర్చిపోయి వస్తే ఆయనే మనిషిని పంపి తెప్పించేవాడు. ఆసుపత్రిలో ఇంకెవరైనా వక్క నమిలితే మాత్రం ఇంతెత్తున లేచేవాడు. "ఇది మూఢనమ్మకము కాదు సుమా, జాగ్రత్త మాత్రమే" అని నాతో అనేవాడు. పిల్లి ఎదురొచ్చిందని ఆపరేషనుకు వచ్చి వెనక్కి తిరిగిపోయేవాళ్ళను చూసి నవ్వేదీ ఆయనే.

తెలుగులో చెప్పే పని నా నెత్తిన పడింది. ఏమని చెప్పేది?

"ఒకడు బంతి పట్టుకోని పరిగెత్తినాడంట నాయనా. అందరూ వాని మింద పడినారంట. లేసినారంట. గుంపుగా నిలబడి గుసగుసలాడినారంట. మళ్ళా పడినారంట."

"యాల పడేది?"

"పది గజాలు ముందుకు పోవల్లంట. నాలుగు సార్లలో పోకుంటే బంతి అవతలోళ్ళకు ఇచ్చేయాల."

"పోయినారో లేదో ఎట్ల తెలస్తాది?"

"గొలుసు పెట్టి కొలస్తారంట."

నాయన తొడ చరిచాడు. "గొలుసా! గట్టు తగాదా అని ముందే సెప్పొచ్చు గదమ్మే!"

ఆ తర్వాత ఆ ఆట నాయనకు అర్థమైనంతగా నాకు ఏ జన్మలోనూ అర్థం కాదు. రెండు ఇంటిపేర్లు, మధ్యలో గట్టు. ఒకరు జరపాలి, ఇంకొకరు జరపనీకూడదు. గొలుసు పట్టినవాడు సర్వేయరు, ఈల ఊదేవాడు తాసిల్దారు. తలలు పగలకుండా ఏవో పెట్టుకుంటారని చెబితే, "తెలివైనోళ్ళు" అని మెచ్చుకున్నాడు. గట్టు కోసం తల పగలగొట్టించుకున్న వాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు మరి. సోమవారం జీపు దిగుతూనే, "ఏమప్పా డాక్టరప్పా, మనోళ్ళు గట్టెంత జరిపినారు?" అని అడిగేవాడు. డాక్టరు గజాల లెక్క చెప్పేవాడు. నాయన దాన్ని సెంట్లలోకి మార్చి తృప్తి పడేవాడు.

మాఘమాసం దాటేసరికి మనోళ్ళు ఎవరూ అనుకోనంతగా గెలుస్తూ పోయారు. చూశారా, నేను కూడా మనోళ్ళు అంటున్నాను. ఒక సోమవారం డాక్టరు ఉత్సాహం ఆపుకోలేక, "వీరు కప్పు గెలిచినయెడల ఈ బెంచీని విడిచి నేనెట్లు పోగలను? ఇంకొక యేడు ఉండెదను" అన్నాడు. తమాషాకే అన్నాడు. నాయన తమాషాగా తీసుకోలేదు. ఇంటికి పోగానే కాళ్ళు కడుక్కుని, కుప్పం దిక్కు తిరిగి గంగమ్మకు మొక్కుకున్నాడు. కుప్పం పక్కనే అమ్మ పుట్టిల్లు, ఆ తల్లి మాకు ఇంటి ఆడపడుచులాంటిది. మనోళ్ళు కప్పు గెలిస్తే జాతరకు పొట్టేలును ఇస్తానని మొక్కు.

నాకు ఒళ్ళు మండింది. "ఆడ ఆటంతా అయిపోయి ఎన్ని దినాలైందో నాయనా! గెలిచుంటే గెలిచినట్టు, ఓడుంటే ఓడినట్టు. ఇప్పుడు మొక్కితే ఆయమ్మ ఏం సేస్తాది?"

"మనకు తెలిసిందా?"

"లేదు."

"మరి అయిపోయిందని ఎట్లంటావు? గంగమ్మ నీ మాదిరి గోడకు కేలండరు తగిలించుకోనుంటాదా?"

ఆసుపత్రిలో ఒక అమెరికా నర్సమ్మ ఉండేది. ఆమెకు విమానంలో ఏదో పత్రిక వచ్చేది, కాబట్టి ఫలితం ముందే తెలుసు. నోరు మెదపొద్దని డాక్టరు ఆజ్ఞ. పాపం, ఆమె ఆ నెలలన్నీ పెదవులు బిగించుకునే తిరిగింది. ఆమె చెప్పుల చప్పుడు వినగానే నాయన నన్ను గిల్లేవాడు.

"ఆయమ్మ మొగం ఎట్లుండాది?"

"మామూలుగానే ఉండాది."

"నవ్వుతాండాదా?"

"లేదు."

"ఏడస్తాండాదా?"

"నాయనా, ఆయమ్మ రోగి కింద పెట్టే గిన్నె ఎత్తకపోతాండాది."

"అట్లయితే సెప్పలేం" అని మళ్ళీ వక్క నమిలేవాడు. నాకు నవ్వొచ్చేది, వెనకనే నేనూ ఆయమ్మ మొహం వంక ఇంకోసారి చూసేదాన్ని. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళు ఒకరి మీద ఒకరు పడడం మీద మా నాయన చూపు ఆధారపడిందంటే, చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేది.

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. డాక్టరు చదివేసిన పేపర్లన్నీ అమ్మకు ఇచ్చేసేవాడు, పురుగుల తట్టల్లో పరచడానికి. "ఆ దేశమోళ్ళకు వార్తలు శానా ఉండాయి, ఒక్క దినం కాగితం ఎన్ని తట్టలకో వస్తాది" అని అమ్మకు అమెరికా అంటే గౌరవం. మా పట్టుపురుగులు కొత్త కార్ల బొమ్మల మీద, తెల్లదొరసానుల మొహాల మీద పొర్లుతూ మల్బరీ ఆకు తిని పెరిగాయి.

కప్పు ఆట పేపరు ఏప్రిల్‌లో ఒక శనివారం టపాలో వచ్చింది. డాక్టరు చుట్ట కూడా విప్పకుండా వరండా బల్ల మీద పెట్టాడు, సోమవారం కోసం. ఆ మధ్యాహ్నమే అమ్మ ఊళ్ళోకి ఏదో పని మీద వచ్చి, ఎప్పటిలాగే ఆసుపత్రికి వచ్చి బల్ల మీది కాగితాలు తీసుకుపోయింది. విప్పని చుట్టను చూసి, ఎవరి చేతులూ పడనిది పురుగులకు ఇంకా మంచిదని దాన్నీ సంచిలో వేసుకుంది.

సోమవారం వచ్చింది. నాయన బెంచీ మీద, నోట్లో వక్క. ఏప్రిల్ ఎండలో డాక్టరు నెత్తిన ఊలు టోపీ, మొహమంతా చెమట. బల్ల మీద పేపరు లేదు. బీరువాలు వెతికారు, మందుల గది వెతికారు, నర్సమ్మను అనుమానంగా చూశారు. అప్పుడు నాకు వెలిగింది. "సార్, మా అమ్మ..." అన్నాను. డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. తేరుకున్నాక ముగ్గురం జీపెక్కాం.

అమ్మ పురుగుల గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఈ పొద్దు ఎవురూ లోపలికి రాకూడదు దొరా. పురుగులకు నాలుగో జ్వరం."

"జ్వరమా? ఎంత ఉన్నది?" అంటూ డాక్టరు జేబులో థర్మామీటరు తడుముకున్నాడు.

కుబుసం విడిచే ముందు పురుగులు మేత మాని, తలలు పైకెత్తి కదలకుండా ఉండిపోతాయని, దాన్నే జ్వరం అంటారని, అప్పుడు కదిలిస్తే పంట పోయినట్టేనని నేను చెప్పాను. డాక్టరు గుమ్మంలోంచి వంగి చూశాడు. తట్టల నిండా పురుగులు తలలెత్తుకుని ఉన్నాయి. వాటి కింద ఎక్కడో మా కప్పు ఉంది.

"ఒక్క కాగితమే గదా, మెల్లిగా లాగుదాములే" అన్నాడు నాయన.

అమ్మ అంతెత్తున లేచింది. "అట్లనే నీ కంటిపొర గూడా మెల్లిగా లాగేస్తాను, రా! దానికైతే ముదిరేదాకా ఆగల్లంట, నా పురుగులకు ఆగకూడదా?"

"ఆమె చెప్పినది న్యాయము. వేచియుందము" అన్నాడు డాక్టరు. జీపు ఉత్తి చేతులతో వెనక్కి పోయింది.

మరునాడు ఓపీ అయ్యాక మళ్ళీ వచ్చాడు. పురుగులకు జ్వరం దిగింది. అమ్మ పైన లేత ఆకు పరిచింది, అవి ఆకలిగా ఆకు మీదికి ఎక్కాయి. ఆకుతో సహా వాటిని కొత్త తట్టల్లోకి మార్చి, కింది కాగితాలు ఒక్కొక్కటే లాగి గుమ్మంలోకి విసిరింది. నేను ఒక్కొక్కటే ఏరి చూశాను. ఇళ్ళు అమ్మబడును. కోటు బొత్తాల ప్రకటన. ఎవరో చనిపోయిన పెద్దమనిషి. ఆఖరి తట్టలో, పురుగుల పెంటికల కింద ఆటల పేజీ దొరికింది. డాక్టరు దాన్ని దులిపి, గుమ్మం దగ్గర నిలబడే చదివాడు. పెదవులు కదిలాయి, ఆగిపోయాయి.

"ఓడిపోతిమి" అన్నాడు.

"ఎంతలో?" అన్నాడు నాయన.

"కట్టకడపట, గట్టునకు ఇంత దూరమున నిలిపివేసిరి" అని డాక్టరు చేతులు చాపి చూపించాడు. నాయనకు కనపడదని గుర్తొచ్చి, నాయన రెండు చేతులూ పట్టుకుని మూరెడు దూరంలో పెట్టాడు. నాయన ఆ చేతులను అలాగే ఉంచుకుని నిలబడిపోయాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఫుట్‌బాల్ కోసం కాదు.

డాక్టరు పేజీ మడిచి, "ఇక నేను పోయివచ్చెదను" అన్నాడు. జీపు దాకా పోతాడో, అమెరికా దాకా పోతాడో ఆ మాటలో తెలియలేదు.

నాయన గొంతు సవరించుకున్నాడు. "ఎట్ల గెలస్తారప్పా? బెంచీ యాడ?"

డాక్టరు ఆగాడు.

"నేను యాడ కూసున్నాను? నిలబడుకోనుండాను. నోట్లో వక్క ఉండాదా? లేదు. నీ నెత్తిన టోపీ ఉండాదా?"

డాక్టరు తల తడుముకున్నాడు. టోపీ లేదు.

"సోమవారం సదవాల్సింది మంగళారం సదివితిమి. అదీ పురుగుల పెంట దులుపుకోని. ఇంత సేసినాక గూడా వాళ్ళు మూరెడు దూరం దాకా వచ్చినారంటే మెచ్చుకోవల్ల. తప్పు వాళ్ళది కాదు, మనది."

"అంటే తప్పు నాదా?" అని అమ్మ కొంగు బిగించింది. నాకూ ఓపిక పోయింది. నాయన చెవి దగ్గరికి వంగి, "ఆట జనవరిలోనే అయిపోయింది నాయనా. అప్పటికి ఈ పురుగులు గుడ్లు గూడా కాదు. దానికీ బెంచీకీ ఏం సమ్మందం?" అన్నాను.

నాయన నా మణికట్టు పట్టుకుని నొక్కాడు. "నాకు తెలీదా మే? నోరు మూసుకో. పోయేది నా కన్ను" అన్నాడు, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

మూసుకున్నాను. ఇన్ని నెలలుగా మా నాయన అమాయకుడని నేనే ఆయన మీద జాలిపడుతూ వచ్చాను. నా జాలి ఏ గంగలో కలపను!

నాయన గొంతు పెంచాడు. "మళ్ళీ ఏడు ఒక్క సోమవారం తప్పకుండా కూసుంటాను, సక్రమంగా. సూద్దాం, ఎట్ల గెలవరో. నువ్వు ఆడికి పోతే నీకు బెంచీ దొరకతాదప్పా, కాదన్ను. ఎడమపక్క నేను దొరకతానా?"

డాక్టరు మడిచిన పేజీని మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు. "సోమవారము కాదన్నది నిజమే" అన్నాడు చివరికి. జీపెక్కుతూ, "టోపీ కూడ లేదు" అని తనలో తాను అనుకోవడం నేను విన్నాను.

ఆ వారమే తనను ఇంకో ఏడు ఇక్కడే ఉంచమని పైవాళ్ళకు రాయించాడు. టైపు కొట్టింది నేనే. కారణం దగ్గర, చేపట్టిన పని ఒకటి మిగిలి ఉంది అని చెప్పాడు. ఆ పని కన్నో కప్పో నాకు ఇప్పటికీ తెలియదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

పైవాళ్ళు సరేనని జవాబు రాశారు. మనోళ్ళు ఓడారు కాబట్టి పొట్టేలు బాకీ లేదని అమ్మ వాదించింది. నాయన వినలేదు. "కప్పు ఇయ్యకుంటే పాయె, మనిషిని ఇచ్చింది గదా" అని పొట్టేలును తోలుకుని, అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని జాతరకు కుప్పం పోయాడు. అక్కడ గంగమ్మ ముందు చెంపలేసుకుని, మళ్ళీ ఏడు ఇంకో రెండు మూరలు జరిపించు తల్లీ అని పైకే అడిగాడు. పక్కనున్నవాళ్ళు ఏ ఊరి గట్టు తగాదా అని నన్ను అడిగారు. పుంగనూరు పక్కన అని చెప్పాను.

శ్రావణంలో ఆపరేషన్ అయింది. కట్టు విప్పి, సీసా అడుగులాంటి దళసరి అద్దం కంటికి పెట్టిన రోజు అమ్మా నేనూ మంచం పక్కనే నిలబడ్డాం. మమ్మల్ని ఒకసారి చూసి, అమ్మ గడ్డం పట్టుకుని ఒకసారి నవ్వి, వెంటనే "మనోళ్ళ పటం యాడ?" అన్నాడు. డాక్టరు సిద్ధంగానే ఉన్నాడు. జట్టంతా వరసల్లో నిలబడిన పెద్ద బొమ్మ, నెత్తిన టోపీలు, మొహాలకు అడ్డంగా ఇనుప చువ్వలు. నాయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"యాలప్పా వీళ్ళకు చిక్కాలు కట్టినారు? పైరు మేస్తారనా?"

చిక్కం అంటే పైరులో తోలేటప్పుడు ఎద్దుల మూతికి కట్టే వల. డాక్టరుకు ఆ మాట అర్థం కాక నా వైపు చూశాడు. చెప్పాను. ఆసుపత్రిలో ఆయన అంతలా నవ్వడం అదే మొదటిసారి.

డిసెంబర్ వచ్చింది, ఓడ పేపర్లు వచ్చాయి. నాయనకు ఇప్పుడు జీపు అక్కర్లేదు, తానే గట్లు దాటి బస్సెక్కి వచ్చేవాడు. అదే మూల, అదే వక్క. డాక్టరు నెత్తిన అదే టోపీ. మనోళ్ళు ఆ ఏడు ఆడినంత దరిద్రంగా ఇంకెప్పుడూ ఆడలేదట. వారం వెనక వారం ఓడారు. "కన్ను వచ్చేసింది గదా, ఇంగ యాల పోతావు?" అని అమ్మ దెప్పితే, "మాటిచ్చినాను" అని చెప్పులేసుకునేవాడు.

ఒక సోమవారం డాక్టరు పేపరు విప్పి చివరిదాకా చదివాడు. తెలుగులో చెప్పమని నాకు సైగ చేశాడు. నేను నోరు తెరిచేలోపల నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. అద్దాల్లోంచి డాక్టరు మొహంలోకి వంగి చూశాడు. తమలపాకు ఒకటి తుడిచి ఆయన చేతిలో పెట్టాడు.

"సెప్పించొద్దులేప్పా, కనపడతాండాది" అన్నాడు.